సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉంది? ఇంటి సోలార్ బిగించేవాళ్లను ఎంచుకునే ముందు

హోస్ట్: నమస్కారం. ప్యానెల్ ఏ కంపెనీది, ఎన్ని వాట్లు, వారంటీ ఎన్నేళ్లు అని అందరూ అడుగుతారు. బిగించేవాళ్లకు సర్టిఫికేషన్ ఉందా అన్నది మాత్రం చాలామందికి గుర్తే రాదు. మేడమ్, మంచి ప్యానెల్, మంచి ఇన్వర్టర్ కొన్నాక ఇంకా భయమెందుకండీ?

ఇంజనీర్: ప్యానెల్ సర్టిఫికెట్ ప్యానెల్ గురించే చెబుతుంది కాబట్టి. ఐఈసీ అనేది అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ. ఐఈసీ 61215 ఉందంటే ఎండ, తేమ, వడగళ్ల పరీక్షలు తట్టుకుందని. ఐఈసీ 61730 అంటే షాక్, మంట విషయంలో భద్రత చూశారని. ప్యానెల్ కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్‌కైతే ఐఈసీ 62109. ఇవన్నీ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోతాయి. పైకప్పు మీద కొట్టే ప్రతి కన్నం, బిగించే ప్రతి బోల్టు మనిషి చేతి పనే. దానికి ఆ కాగితాలు పూచీ పడవు.

హోస్ట్: అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్ చేస్తే చాలదా?

ఇంజనీర్: ఆయన చెయ్యి ఏసీకి, అంటే ఇంట్లో వచ్చే, దిశ మారుతూ ఉండే కరెంటుకు అలవాటుపడి ఉంటుంది. 50 హెర్ట్జ్ ఏసీలో కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది. స్విచ్ తీసినప్పుడు నిప్పు లేచినా ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. ప్యానెళ్ల నుంచి వచ్చేది డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు, దానికి ఆ సున్నా లేదు. ఆర్క్, అంటే ఆ నిప్పు, ఒకసారి లేచిందంటే రాగినీ ప్లాస్టిక్‌నూ కరిగిస్తూ సాగుతుంది. పైగా ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌ను ఆపలేం. ఐసోలేటర్ అనే స్విచ్‌తో కరెంటు తెంచినా, ప్యానెళ్ల వైపు వైర్లలో వోల్టేజి ఉండనే ఉంటుంది.

హోస్ట్: అందుకే డీసీ బ్రేకర్ వేరేగా అమ్ముతారు కదా.

ఇంజనీర్: అవును, కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. కొన్ని డీసీ బ్రేకర్లకు ప్లస్, మైనస్ దిశ ఉంటుంది. తిప్పి కలిపితే మామూలు రోజుల్లో చక్కగానే పనిచేస్తుంది. లోడ్ మీద తెంచాల్సిన రోజున మాత్రం లోపలి అయస్కాంతం ఆర్క్‌ను ఆర్పే గది వైపు కాకుండా వెనక్కి నెడుతుంది, బ్రేకరే కాలిపోతుంది. మొదటిరోజు చూస్తే ఏ తప్పూ కనబడదు. సోలార్ పనిలో చాలా తప్పులు ఇలాంటివే. పైన పటారం, లోన లొటారం.

హోస్ట్: వీటన్నిటిలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఏది?

ఇంజనీర్: నన్నడిగితే కనెక్టర్. ప్యానెళ్ల వైర్లను కలిపే, ఎంసీ4 అని పిలిచే ఆ నల్లటి ప్లగ్గు. ప్యానెల్‌తో వచ్చినది ఒక కంపెనీది, బయట కొన్నది ఇంకొకటి. రెండూ ‘టిక్’మని కలుస్తాయి, కాబట్టి సరిపోయాయనుకుంటారు. లోపలి లోహపు కొలతల్లో, స్ప్రింగ్ బలంలో తేడా ఉంటుంది. రెండోది, క్రింపింగ్, అంటే వైరు చివరను కనెక్టర్ లోహంలో పెట్టి నొక్కి బిగించడం. అసలు టూల్ వాడకుండా కటింగ్ ప్లయర్‌తో నొక్కేస్తే రాగి పోగుల మధ్య గాలి మిగిలిపోతుంది. ఆ అతుకులో ఒక ఓమ్‌లో పదో వంతు నిరోధం పెరిగిందనుకోండి. 13 ఆంపియర్లు పారితే దాదాపు 17 వాట్ల వేడి. వేలెడంత ప్లాస్టిక్‌లో! రోజూ వేడెక్కి, రాత్రి చల్లారి, సందు పెరిగి, నీరు చేరి, చివరికి అక్కడే కాలుతుంది.

హోస్ట్: శిక్షణ ఉన్నవాళ్లు ఏం చేస్తారు?

ఇంజనీర్: రెండు వైపులా ఒకే కంపెనీ, ఒకే రకం కనెక్టర్ వేస్తారు. దాని సొంత క్రింపింగ్ టూల్ వాడతారు. వెనక మరను తయారీదారు చెప్పిన టార్క్‌తో, అంటే చెప్పినంత బిగువుతో బిగిస్తారు. కనెక్టర్ పైకప్పుకు ఆనకుండా, వైరు ఎండకు ఓర్చుకునే క్లిప్పులతో కడతారు. మామూలు నైలాన్ టై అయితే ఎండకు పెళుసెక్కి తెగిపోతుంది.

హోస్ట్: డిజైన్‌లో జరిగే పొరపాట్ల సంగతి?

ఇంజనీర్: చిన్న లెక్క చెబుతాను. ఒక ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి, అంటే దేనికీ కలపనప్పుడు ఉండే వోల్టేజి, 50 అనుకుందాం. ఇన్వర్టర్ తట్టుకునే గరిష్ఠం 600 వోల్టులు. తెలియనివాళ్లు 12 ప్యానెళ్లు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి, సరిగ్గా సరిపోయిందనుకుంటారు. ఆ 50 అనేది 25 డిగ్రీల దగ్గర. చల్లబడితే వోల్టేజి పెరుగుతుంది. డిగ్రీకి 0.27 శాతం అనుకుంటే, 5 డిగ్రీల ఉదయాన 5.4 శాతం పెరిగి 632 వోల్టులు అవుతుంది. ఇన్వర్టర్ ఇన్‌పుట్ పోవచ్చు, పరిమితి దాటారు కాబట్టి వారంటీ కూడా వర్తించదు. 11 ప్యానెళ్లయితే 580 దగ్గర ఆగేది. ఆ చోట నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతతో ఈ లెక్క కట్టడం సర్టిఫికేషన్ శిక్షణలో తొలి పాఠాల్లో ఒకటి.

హోస్ట్: ఎర్తింగ్?

ఇంజనీర్: ఫ్రేమ్ అల్యూమినియమే కదా అని స్టాండుకు బిగించి వదిలేస్తారు. పైనున్న అనోడైజ్డ్ పొర కరెంటును పారనివ్వదు. దాన్ని చీల్చే పళ్ల వాషర్ గానీ, ఎర్తింగ్ కోసం ఇచ్చిన రంధ్రం దగ్గర లగ్, అంటే ఎర్త్ వైరు బిగించే లోహపు ముక్క గానీ కావాలి. అంతే.

హోస్ట్: సరే, సర్టిఫికెట్ చూపించారు. నమ్మేయొచ్చా?

ఇంజనీర్: అది ఏ రకమో చూడండి. ప్యానెల్ కంపెనీ ఇచ్చే ‘అధీకృత డీలర్’ పత్రం అమ్మకాల ఒప్పందం, పనితనానికి కొలత కాదు. పరీక్ష రాసి, చేసిన పనులు చూపించి, ఏవో కొన్నేళ్లకోసారి మళ్లీ రెన్యువల్ చేయించుకునేది మనిషి పేరు మీద వచ్చే సర్టిఫికెట్. సంస్థ పేరు మీద వచ్చేది ఇంకో రకం. అందులో వాళ్లు చేసిన ఇన్‌స్టలేషన్లను అప్పుడప్పుడు తనిఖీ చేస్తారు. పేర్లు దేశాన్ని బట్టి మారతాయి. ఫోన్లో చూపించిన ఫొటోతో సరిపెట్టుకోకండి. నంబరు తీసుకుని, జారీ చేసిన సంస్థ జాబితాలో మీరే వెతకండి. గడువు, పేరు, ఏ పనికి ఇచ్చారన్నది, మూడూ కలవాలి.

హోస్ట్: కంపెనీకి ఉంటుంది, పైకెక్కేది మాత్రం వేరేవాళ్లు...

ఇంజనీర్: అసలు లొసుగు అదే. పని సబ్‌కాంట్రాక్టుకు పోతుంది. సర్టిఫికెట్ ఉన్నాయన ఆఫీసులో, పైకప్పు మీద ఇంకెవరో. అందుకే సంతకం పెట్టకముందే అడగండి: పని జరిగే రోజుల్లో అర్హత ఉన్న మనిషి ఎవరు పైన ఉంటారు, టెస్ట్ రిపోర్టు మీద ఎవరు సంతకం పెడతారు? ఆ పేరు ఒప్పందంలో రాయించండి. జవాబు నీళ్లు నమిలినట్టుంటే ఇంకొకరిని చూసుకోవడమే మంచిది.

హోస్ట్: టెస్ట్ రిపోర్టులో ఏముండాలి?

ఇంజనీర్: ఐఈసీ 62446-1 ప్రకారమైతే ఎర్తింగ్ కంటిన్యుటీ, అంటే ఎర్త్ వైరు ఎక్కడా తెగకుండా ఉందా అన్నది, పొలారిటీ, అంటే ప్లస్ మైనస్‌లు సరిగా ఉన్నాయా అన్నది, ప్రతి స్ట్రింగ్, అంటే సిరీస్‌లో కలిపిన ప్యానెళ్ల వరస, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి, కరెంటు, ఇన్సులేషన్ నిరోధం. ఒకేలాంటి స్ట్రింగుల మధ్య తేడా 5 శాతం దాటితే కారణం వెతకాలి. 500 నుంచి 1000 వోల్టుల సిస్టమ్‌కు ఇన్సులేషన్‌ను కొలిచే మెగ్గర్‌తో 1000 వోల్టుల దగ్గర కొలిస్తే కనీసం 1 మెగా ఓమ్ రావాలి. ఎక్కడో క్లాంపు కింద వైరు నలిగి ఉంటే దొరికేది ఇక్కడే. దాంతోపాటు ఏది దేనికి కలిపారో చూపే సింగిల్ లైన్ డయాగ్రామ్, ప్యానెళ్ల సీరియల్ నంబర్లు. అన్నిటికీ ‘ఓకే’ అని టిక్కులు పెట్టిన కాగితం వద్దు, అంకెలు అడగండి.

హోస్ట్: అంకెలు కూడా ఊరికే రాసేయొచ్చుగా?

ఇంజనీర్: రాసేస్తారు. అందుకే టెస్ట్ చేసిన సమయం, అప్పటి ఎండ తీవ్రత కూడా పక్కన ఉండాలి. స్ట్రింగ్ వోల్టేజి 547 అని వేసి, టైమ్ దగ్గర రాత్రి 9 అని ఉంటే, ఆ రీడింగ్ ఏ మీటరులో చూశారో వాళ్లనే అడగండి.