ఫోన్-ఇన్: బాబుకు రాస్ప్‌బెర్రీ పై కొనాలా, సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ కొనాలా?

యాంకర్: తర్వాతి కాలర్ మల్కాజిగిరి నుంచి. నమస్తే అమ్మా, చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్, నమస్తే సార్. మా బాబు తొమ్మిదో తరగతి. రాస్ప్‌బెర్రీ పై కొనియ్యమని ఒకటే గోల. అరచేతిలో పట్టేంత ఉంటదంట, అదే కంప్యూటరంట. మా ఆయనేమో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పాత డెస్క్‌టాప్ చూద్దామంటున్నడు. ఏది తీసుకోవాలె సార్?

నిపుణుడు: ఇంట్లో ఇంకో కంప్యూటర్ ఉందా అమ్మా?

కాలర్: లేదు సార్, ఫోన్లే.

నిపుణుడు: అయితే డెస్క్‌టాపే తీసుకోండి. ఈ విషయంలో నాకు అనుమానమే లేదు. బాబు చెప్పింది తప్పేం కాదు, అది నిజంగానే కంప్యూటర్. 2012లో మొదటి బోర్డు తెచ్చిందే పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని. కానీ దానికి చెప్పే రేటు ఒట్టి బోర్డుది. దానికి పవర్ అడాప్టర్, మెమరీ కార్డు, కేసు, ఫ్యాను, మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్ కొనాలి. పైగా మెమరీ చిప్‌లు ప్రియమై 2025 చివర్లో బోర్డు రేట్లు కూడా పెరిగాయి. అన్నీ కలిపితే మంచి పాత డెస్క్‌టాప్ రేటుకు దగ్గరగా వస్తుంది. మానిటర్, కీబోర్డు, మౌస్ దేనికైనా కావాల్సిందే.

కాలర్: ఫోన్ చార్జర్ ఉంది గద సార్, అది పెడితే నడవదా?

నిపుణుడు: నడుస్తుందమ్మా, కానీ పూర్తిగా కాదు. రాస్ప్‌బెర్రీ పై 5 మోడల్‌కు 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు కావాలి. మామూలు చార్జర్ 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు దాటదు. అప్పుడు బోర్డు తన యూఎస్‌బీ పోర్టులకిచ్చే కరెంటు తగ్గించేస్తుంది, హార్డ్ డిస్క్ పెడితే మొరాయిస్తుంది. ఇంకోటి, మెమరీ కార్డు మీద డేటా రాస్తుండగా కరెంటు పోతే ఒక్కోసారి కార్డులోని సిస్టమే చెడిపోతుంది. మన దగ్గర వర్షాకాలం కరెంటు సంగతి మీకు తెలిసిందే. విండోస్‌లో నడిచే స్కూల్ సాఫ్ట్‌వేర్లు, ట్యాలీ లాంటివి కూడా దాంట్లో నేరుగా నడవవు. ప్రాసెసర్ తీరే వేరు.

కాలర్: మరి పాతది తీసుకుంటే అంటగడతరేమోనని భయం సార్.

నిపుణుడు: ఆ భయం న్యాయమైనదే. అందుకే మీవారికి కొన్ని చెప్పి పంపండి. ప్రాసెసర్ పేరులో ఐ5 తర్వాత గీత పక్కన ఉండే అంకె చూడాలి. 8500 అంటే ఎనిమిదో తరం. ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాతవాటికి, ఏవో కొన్నిటికి తప్ప, విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అందుకే ఆరో తరం చవగ్గా ఇస్తామంటారు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకునేవాళ్లకైతే అదీ పర్వాలేదు.

షాపులోనే సైడు మూత తీయించండి. బోర్డు మీద చిన్న డబ్బాల్లా కెపాసిటర్లు ఉంటాయి, వాటి నెత్తి చదునుగా ఉండాలి. ఒక్కటి ఉబ్బినా ఆ పెట్టె వద్దు. తర్వాత ఆన్ చేయించి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లోకి వెళ్లమనండి. డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే లేచి వచ్చేయండి, అది ఏదో ఆఫీసు పెట్టిన తాళం, మీకు తలనొప్పి. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, అంటే వేగంగా పనిచేసే డిస్క్ ఉండాలి. వారంటీ నోటిమాట కాదు, బిల్లు మీద సీరియల్ నంబరుతో సహా రాయించుకోవాలి.

కాలర్: బాబు పక్కనే ఉన్నడు సార్, మాట్లాడతడంట.

బాబు: సార్, నేను సెన్సార్లు, లైట్లు కనెక్ట్ చేద్దామనుకుంటున్న. డెస్క్‌టాప్‌కి పిన్నులు ఉండయి కదా?

నిపుణుడు: కరెక్టుగా అడిగావు నాన్నా. రాస్ప్‌బెర్రీ పైకి 40 పిన్నులుంటాయి, డెస్క్‌టాప్‌కు అవి లేవు. దానికి రాస్ప్‌బెర్రీ పై పికో అని ఇంకో చిన్న బోర్డు ఉంది, కొన్ని వందల్లో వస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో అడుగు. యూఎస్‌బీతో డెస్క్‌టాప్‌కు తగిలించి, మైక్రోపైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయొచ్చు. ఇంటి మీద ట్యాంకు నిండగానే బజర్ మోగేలా చెయ్యి చూద్దాం. మోటర్ వైరింగ్ జోలికి మాత్రం వెళ్లకు, అది 230 వోల్టులు. బజర్ దాకా నీ ఇష్టం.

బాబు: అయితే రెండూ కొనియ్యమంట సార్!

యాంకర్: అమ్మతో మాట్లాడుకో నాన్నా. ఇప్పుడు కూకట్‌పల్లి నుంచి ఇంకొకరు.

కాలర్: సార్, నాకు ల్యాప్‌టాప్ ఉంది. ఇంట్లో అందరి ఫోటోలు ఒకచోట చేరేలా, రాత్రింబగళ్లు ఆన్‌లో ఉండే సర్వర్ కావాలి.

నిపుణుడు: మీకైతే రాస్ప్‌బెర్రీ పై. ఖాళీగా ఉన్నప్పుడు నాలుగు వాట్ల లోపే తీసుకుంటుంది. పాత డెస్క్‌టాప్ 20 వాట్లు తాగుతుందనుకుందాం. 24 గంటలూ నడిపితే నెలకు 11 యూనిట్ల పైచిలుకు తేడా. ఫోటోలు మాత్రం మెమరీ కార్డులో పెట్టకండి, యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ తగిలించండి, ఇంకో కాపీ వేరే డిస్క్‌లో ఉంచండి.

కాలర్: ఇంట్లో మా అన్న వాడిన పాత సీపీయూ ఒకటి మూలన ఉంది సార్.

నిపుణుడు: అది బాగా నడుస్తోందా? అయితే ఇప్పుడేం కొనకండి. దాంట్లోనే లైనక్స్ వేసి మొదలుపెట్టండి. ఆ 11 యూనిట్ల ఆదాతో కొత్త బోర్డు డబ్బులు తిరిగి రావాలంటే ఏళ్లు పడుతుంది.