బూడ్వార్ ఫొటోషూట్ చేయించుకున్నా: పదికి ఏడే ఎందుకిచ్చానంటే

హాయ్ అండీ. ఈసారి రివ్యూ ఫోన్ గురించీ కాదు, ఫేస్ క్రీమ్ గురించీ కాదు. నేను బూడ్వార్ షూట్ చేయించుకొచ్చాను, దాని సంగతి. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: పడగ్గదిలాంటి సెటప్‌లో, లోదుస్తుల్లోనో, వదులు చొక్కాలోనో, దుప్పటి చుట్టుకునో మన కోసం మనం తీయించుకునే ఫొటోలు. బూడ్వార్ అంటే ఫ్రెంచ్‌లో ఆడవాళ్ల సొంత గది, ఆ మాట 'అలగడం' అనే క్రియ నుంచి వచ్చింది. అంటే కోపగృహం అన్నమాట, నాకు భలే నచ్చింది.

పదేళ్లుగా ఏ ఫ్యామిలీ ఫొటో చూసినా నేను పిల్లల వెనకాల దాక్కునే ఉంటా. సిజేరియన్ గీత, దాని మీదికి జారిన చిన్న మడత... బట్టలు మార్చుకునేటప్పుడు అద్దానికి వీపు పెట్టడం అలవాటైపోయింది. అందుకే వెళ్లా.

మొదటి అరగంట దండగ. భుజాలు చెవుల దాకా వచ్చేశాయి, మొహంలో పాస్‌పోర్ట్ ఫొటో నవ్వు. ఇక లాభం లేదని ఫొటోగ్రాఫర్ కెమెరా పక్కన పెట్టేసి, ప్రతి పోజూ ముందు తనే చేసి చూపించింది. "ఊపిరి వదలండి, వేళ్లు బిగించకండి, గడ్డం ముందుకు తెచ్చి కొంచెం కిందకి" అంటుంటే నేను తాబేలులా ఉన్నాననిపించింది గానీ, స్క్రీన్ మీద చూస్తే దవడ ఎంత చక్కగా తేలిందో!

అన్నిటికంటే నాకు ఉపయోగపడింది ఏంటంటే, కెమెరాకి ఏది దగ్గరగా ఉంటే అది పెద్దగా పడుతుంది, సెల్ఫీలో ముక్కు ఉబ్బినట్టుండేది అందుకే, అది ముక్కు తప్పు కాదు, దూరం తప్పు. ఆవిడ 85 ఎంఎం లెన్స్‌తో గది ఆ చివర నుంచి తీసింది, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా నన్ను కూర్చోబెట్టి. ఇన్నేళ్లూ నా ఒళ్లనుకుని నేను తిట్టుకున్నదాంట్లో సగం దూరానిదీ లైట్‌దీనట! అయినా మొదట ఆ ఫొటోల్లో ఎవరో పరాయి మనిషిని చూస్తున్నట్టుంది. దీని మీద 1977లోనే ఒక పరిశోధన వచ్చింది: మన మొహం మనకి అద్దంలోలా కుడిఎడమలు తారుమారై ఉంటేనే ఇష్టమట, మన స్నేహితులకేమో ఫొటోలోలా మామూలుగా ఉన్నదే నచ్చుతుందట.

ఇక తిట్లు. ఎడిట్ చేసిన 20 ఫొటోలు వచ్చాయి. గీత లేదు, మడత లేదు, చర్మం మైనపు బొమ్మలా ఉంది. ఏంటండీ ఇదని అడిగితే "అందరూ ఇలాగే కావాలంటారండీ" అన్నారు. నా ఒంటితో రాజీ పడదామని వెళ్తే ఆ ఒళ్లే మాయం చేసి ఇస్తే ఎలా? మొటిమ తీసేయండి, గీత ఉంచండి అని వెనక్కి పంపించా. ఈ మాట షూట్‌కి ముందే చెప్పుండాల్సింది, అది నా పొరపాటే.

మీరు వెళ్తే ఫైల్స్ ఎన్నాళ్లు ఉంచుతారో, ఎప్పుడు చెరిపేస్తారో, వాళ్ల పేజీలో పెడతారో లేదో రాయించుకోండి. డబ్బు మనమే కట్టినా కొన్ని దేశాల్లో కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌దే, నోటిమాట పనికిరాదు. గంట ముందు నుంచీ వదులు బట్టలే వేసుకోండి, లేకపోతే ఎలాస్టిక్ అచ్చులు ఫొటోలో పడతాయి.

కాన్ఫిడెన్స్ వచ్చిందా అంటే, వారం గాల్లో తేలా. తర్వాత ఒక ట్రయల్ రూమ్‌లో, నెత్తి మీద ట్యూబ్‌లైట్ కింద, పాత ఏడుపు మళ్లీ మొదలైంది. కాకపోతే ఈసారి తల పైకెత్తి ముందు ఆ లైట్‌ని చూశా. ఒంటి గురించిన బాధ తిండీ నిద్రా పాడుచేసేంత ఉంటే మాత్రం స్టూడియోకి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పదికి ఏడు. ఆ మూడూ ఎడిటింగ్‌కే కోసేశా. గీత కనిపించే ఫొటో ఒక్కటే ప్రింట్ తీయించి బీరువా తలుపు లోపల అంటించుకున్నా. మిగతా 19 పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, అదెక్కడ పెట్టానో వెతకాలి.