ఇరవై అంటే ఎంత? సైన్యాల నెట్‌వర్కులు కలిసినా మాట ఎందుకు కలవదు

"ఆర్మీకి, నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కి ఒకే రేడియో ఇచ్చేస్తే పోయేదానికి ఇంటరాపరబిలిటీ అని ఇంత గొడవెందుకు?" ఈ మాట నాకు పదే పదే ఎదురవుతోంది. ఇంటరాపరబిలిటీ అంటే వేర్వేరు సైన్యాల సిస్టమ్‌లు ఒకదాని సమాచారాన్ని ఒకటి అందుకుని, సరిగ్గా అర్థం చేసుకుని వాడుకోగలగడం. చదువుకున్నవాళ్లు, ఈ రంగం మీద ఆసక్తి ఉన్నవాళ్లు కూడా అంటున్నారు. ఇవాళ దీని సంగతి తేల్చేద్దాం.

ఒక పెళ్లి మాటలు ఊహించుకోండి. అమ్మాయి తండ్రిది నల్గొండ, అబ్బాయి తండ్రిది గుంటూరు. నల్గొండాయన ఫోన్ చేసి, "బావగారూ, పసుపు కుంకుమ కింద అమ్మాయి పేరున ఇరవై రాసిస్తా" అన్నాడు. గుంటూరాయన "సరే బావగారూ" అన్నాడు. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. ఇద్దరిదీ తెలుగే. కానీ నల్గొండాయన చెప్పింది ఇరవై గుంటలు, అంటే అరెకరం. గుంటూరాయన విన్నది ఇరవై సెంట్లు, అంటే ఎకరంలో ఐదో వంతు. ఇక్కడ ఫోన్ మార్చి లాభమేముంది?

ఈ "ఇరవై"ని గుర్తుపెట్టుకుని నాతో ఉత్తర ఇరాక్‌కి రండి.

1994 ఏప్రిల్ 14. కుర్దుల రక్షణ కోసం, ఇరాక్ విమానాలు ఎగరకూడదని పెట్టిన నో-ఫ్లై జోన్. అమెరికా ఎయిర్‌ఫోర్స్ ఎఫ్-15 యుద్ధ విమానాలు రెండు, అమెరికా ఆర్మీ బ్లాక్ హాక్ హెలికాప్టర్లు రెండు. పైనుంచి అందరినీ గమనించడానికి అవాక్స్ విమానం. అంతా ఒకే దేశం వాళ్లు, ఒకే ఆపరేషన్. ఆ రోజు ఎఫ్-15లు ఆ రెండు హెలికాప్టర్లనూ కూల్చేశాయి. 26 మంది చనిపోయారు. వాళ్లలో అమెరికన్లతో పాటు బ్రిటిష్, ఫ్రెంచ్, టర్కీ అధికారులు, కుర్దులు ఉన్నారు.

ఎలా జరిగింది? తనవాడో కాదో తెలుసుకోవడానికి ఎఫ్-15 రేడియో తరంగంతో ఒక ప్రశ్న వేస్తుంది. ఎదుటి యంత్రం కోడ్ నంబరుతో జవాబివ్వాలి. జోన్ లోపల వాడాల్సిన కోడ్ 52, బయట వాడాల్సింది 42. హెలికాప్టర్లు లోపలికి వచ్చాక కూడా 42 మీదే ఉన్నాయి. ఎందుకంటే లోపల కోడ్ మార్చాలన్న సంగతి ఆర్మీ పైలట్ల చేతికి వచ్చిన కాగితాల్లో లేదు. ఈ కోడ్ విషయంలో యంత్రాల తప్పేమీ లేదు. అడిగింది అందింది, జవాబూ వెళ్లింది. గుంటలకూ సెంట్లకూ పొత్తు కుదరలేదు, అంతే.

రేడియో తప్పేమీ లేదనను. ఎఫ్-15లు వాడే, జామింగ్‌ను (శత్రువు సిగ్నల్‌ను చెడగొట్టడాన్ని) తట్టుకునే రేడియో పద్ధతి, హెలికాప్టర్ల రేడియోతో కలిసేది కాదు. ఒకే రేడియో ఇవ్వమనేవాళ్లు ఈ ముక్క వరకే చదివి ఆగిపోతారు. దాని తర్వాతిది చూడండి. ఆ రోజు జోన్‌లోకి మొదట వెళ్లేది తామేనని ఎఫ్-15 పైలట్లు నమ్మారు, ఎందుకంటే వాళ్ల షెడ్యూలు కాగితంలో హెలికాప్టర్లు లేవు. కళ్లతో చూసినప్పుడు కూడా వాటిని ఇరాక్ వాడే సోవియట్ తయారీ హైండ్ హెలికాప్టర్లనుకున్నారు. అవాక్స్‌లో కూర్చున్నవాళ్లూ ఆపలేదు. కాగితంలో లేనిదాన్ని కొత్త రేడియో ఎక్కడినుంచి తెస్తుంది? నన్నడిగితే ఇది ముందు అర్థాల సమస్య, ఆ తర్వాతే యంత్రాల సమస్య.

సరే, పెళ్లివారి దగ్గరికి తిరిగొద్దాం. పరిష్కారం సులువే అనిపిస్తుంది: గుంటకు రెండున్నర సెంట్లు, ఒక పట్టిక రాసుకుంటే చాలు. ఇద్దరే అయితే చాలు. కానీ హైదరాబాద్‌లో ప్లాట్లు అమ్మే మరిది వచ్చాడు, ఆయనకు ఇరవై అంటే గజాలు. ఇంకొకరికి హెక్టార్లు. సైన్యాల సంగతీ అంతే: కూటమిలో పది కంప్యూటర్ సిస్టమ్‌లు ఉంటే 45 జతలు. ప్రతి జతకూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు కలిపి 90 అనువాదకాలు రాయాలి. ఒక్క సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్ మారితే దాన్ని అంటిపెట్టుకున్న 18 మళ్లీ చూసుకోవాలి. అదే అందరూ "మధ్యలో చదరపు మీటర్లే" అని ఒప్పుకుంటే, ఒక్కొక్కరికి రెండే, మొత్తం 20.

1998లో మొదలైన బహుళదేశాల ఇంటరాపరబిలిటీ కార్యక్రమం, ఎంఐపీ, చేసిన పని ఇదే. దాని డేటా మోడల్, అంటే సమాచారాన్ని ఏ రూపంలో రాయాలన్న ఉమ్మడి నమూనా, పేరు జేసీ3ఐఈడీఎం, నోరు తిరగదు కానీ లోపలి ఆలోచన నాకు చాలా ఇష్టం. "హెలికాప్టర్ అనే రకం" వేరు, "ఈ ఒక్క హెలికాప్టర్" వేరు అని అది విడదీస్తుంది. ఒక సమాచారం ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది కూడా దానితోనే కట్టి పంపుతుంది. "ఇరవై" అని ఊరుకోదు, "ఇరవై గుంటలు, ఫలానా బావగారు, ఫలానా రోజు అన్నారు" అంటుంది.

సమయం దగ్గరపడింది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. లింక్ 16 అనేది నాటో దేశాల విమానాలు, ఓడలు సమాచారం పంచుకునే రేడియో నెట్‌వర్క్. అందులో విమానం గుర్తింపుకు ఏడు మాటలున్నాయి: ఇంకా తేలలేదు, తెలియదు, మనవాడు కావచ్చు, మనవాడు, తటస్థుడు, అనుమానితుడు, శత్రువు. మాటలు అందరికీ ఒకటే. "అనుమానితుడు" అని తెర మీద కనిపిస్తే కాల్చవచ్చా అన్నది మాత్రం ఒక్కో దేశం నిబంధనలను బట్టి ఉంటుంది. అఫ్గానిస్తాన్ యుద్ధంలో నాటో కూటమిలోని ఒక్కో దేశం తన రహస్య నెట్‌వర్క్‌తో దిగింది, 2010లో గానీ అందరికీ ఉమ్మడి మిషన్ నెట్‌వర్క్ రాలేదు. అక్కడ కేబుళ్ల కంటే కష్టమైన ప్రశ్న, ఎవరి సమాచారం ఎవరు చూడవచ్చన్నది.

ఇక మన దగ్గర. 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బుద్గాంలో ఎయిర్‌ఫోర్స్ ఎంఐ-17 హెలికాప్టర్‌ను మన క్షిపణే కూల్చింది. లోపలున్న ఆరుగురు, నేల మీద ఒక పౌరుడు పోయారు. అది పెద్ద తప్పని ఆ తర్వాత ఎయిర్‌ఫోర్స్ అధిపతి అయిన ఎయిర్ చీఫ్ మార్షల్ భదౌరియా బహిరంగంగా ఒప్పుకున్నారు. అక్కడ క్షిపణీ హెలికాప్టరూ రెండూ ఎయిర్‌ఫోర్స్‌వే, అంటే ఒకే దళం లోపలే మాట కలవలేదు. ఇప్పుడు ఆకాశాన్ని కాపు కాసే రెండు నెట్‌వర్కులను, ఎయిర్‌ఫోర్స్ ఐఏసీసీఎస్‌ను, ఆర్మీ ఆకాశ్‌తీర్‌ను, కలిపారు.  రెండు తెరల మీదా ఒకే చుక్క కనిపించడం మంచి సంగతే. ఆ చుక్క పక్కన రాసే మాటకు ఆర్మీలోనూ ఎయిర్‌ఫోర్స్‌లోనూ ఒకే అర్థం ఉందా అన్నదే నేను అడిగేది. 42, 52 లాంటి గుర్తింపు కోడ్‌ల కథ వచ్చే వీడియోలో పూర్తిగా చెబుతాను.