మెడలో కార్డు, చేతిలో పట్టిక

శ్రోతలకు నమస్కారం.

సినిమాకు ఎలా వెళ్లాలో మన తెలుగువాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. టీజరు, ట్రైలరు, పాటలు, విడుదలకు ముందు సభ, మొదటి ఆట చూసినవాళ్ల మాట, ఇవన్నీ అయ్యాకే హాల్లో కూర్చుంటాం. కథ ఒక్కటి తప్ప అన్నీ తెలిసే వెళతాం. ఒక్కోసారి కథ కూడా తెలిసిపోయే ఉంటుంది. బెంగళూరులో స్థిరపడ్డ మనవాళ్లదీ ఇదే తీరు. సంక్రాంతి సినిమా వచ్చిందంటే ఇక్కడి హాళ్ల ముందు కూడా కొబ్బరికాయలు పగులుతాయి.

ఈ అలవాటులో పెరిగిన పిల్ల అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో అడుగుపెడితే ఎలా ఉంటుంది? మా అక్క కూతురిది ప్రొద్దుటూరు. బెంగళూరులో ఇంజినీరింగు చదువుతోంది. 2025లో ఇక్కడి ఉత్సవానికి కార్డు తీసుకుంది. మార్చి 1న విధానసౌధ మెట్ల దగ్గర ప్రారంభసభ జరిగింది. మర్నాడు ఆదివారం, కాలేజీ లేదు. పొద్దున్నే గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి, రాజాజీనగర్ ఒరాయన్ మాల్‌కు వెళ్లింది. వెంట నేనూ వెళ్లాను.

కర్ణాటక ప్రభుత్వం తరఫున చలనచిత్ర అకాడెమీ నిర్వహించే ఈ ఉత్సవం 2006లో మొదలైంది. మేము వెళ్లిన 2025లో అరవైకి పైగా దేశాల సినిమాలు, రెండు వందల దాకా వచ్చాయి. అప్పుడు మామూలు కార్డు 800 రూపాయలు, విద్యార్థులకు 400 ఉండేది. వారం పాటు ఎన్ని సినిమాలైనా చూడవచ్చు. ఒక్క పెద్ద తెలుగు సినిమాకు మంచి సీటు కొని, పాప్‌కార్న్ తింటే అయ్యే ఖర్చు ఎంతో మీకు తెలుసు. నేను లెక్క చెప్పను.

"టికెట్లు అమ్మకుండా ఈ కార్డులెందుకు మామయ్యా?" అని అడిగింది. మంచి ప్రశ్న. మన దేశంలో ఏ సినిమా జనానికి చూపించాలన్నా సెన్సారు ధ్రువపత్రం ఉండాలి. వారం రోజుల కోసం రెండు వందల సినిమాలకు ధ్రువపత్రం తేవడం ఎవరి తరం? అందుకని 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టంలో మినహాయింపు ఇచ్చే వీలుంది. కేంద్ర సమాచార ప్రసార శాఖ దాన్ని ఉత్సవాలకు ఇస్తుంది. ఊరందరికీ టికెట్లు అమ్మకూడదు, ముందుగా పేరు నమోదు చేసుకున్న ప్రతినిధులకే చూపించాలి. పద్దెనిమిదేళ్లు నిండాలనడం కూడా అందుకే. మెడలో వేలాడే ఆ కార్డు వెనక ఇంత కథ ఉంది.

ఇక వరుస. కార్డు ఉన్నంత మాత్రాన సీటు ఖాయం కాదు, ముందు వచ్చినవాళ్లదే సీటు. మా ముందు నిలబడ్డ పెద్దాయన చేతిలోని కార్యక్రమ పట్టికను చూసి మా అమ్మాయి నోరు వెళ్లబెట్టింది. పట్టిక నిండా పెన్సిలు గీతలు. చూడాల్సినవాటికి సున్నా చుట్టాడు. రెండు మంచి సినిమాలు ఒకే వేళకు పడ్డచోట ప్రశ్నార్థకం పెట్టాడు. ఒక ఆట ముగిసే సమయానికీ మరో ఆట మొదలయ్యే సమయానికీ మధ్య ఎన్ని నిమిషాలున్నాయో పక్కన అంకె వేశాడు. అన్నం తినే వేళకు "అ" అని రాసుకున్నాడు. మా మాటలు విని, "తెలుగువాళ్లా అమ్మా? మా అవ్వది హిందూపురం" అంటూ మాట కలిపాడు. కన్నడిగుడే, కానీ తెలుగు బాగా వచ్చు. బెంగళూరులో ఇలాంటివాళ్లు వరుసకొకరు ఉంటారు.

"ఏ సినిమాకు వచ్చావు?" అని అడిగాడు. విదేశీ ఉత్సవంలో పెద్ద బహుమతి వచ్చిన సినిమా పేరు చెప్పింది. ఆయన నవ్వి, "అది నాలుగు నెలల్లో నీ ఫోనులోకే వస్తుంది. పేరు కూడా పలకలేని సినిమా ఒకటి చూసుకో, అది మళ్లీ దొరకదు" అన్నాడు.

ఆయన మాట వినే అవసరం లేకుండానే జరిగింది. బహుమతి సినిమా హాలు మాకు ముందే నిండిపోయింది. మెట్ల మీద కూర్చోనివ్వరు, నిలబడనివ్వరు. పక్క తెరలో మధ్య ఆసియా సినిమా ఏదో ఉంటే అందులోకి దూరాం. లైట్లు ఆరాయి, కానీ తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. పది నిమిషాలైనా బొమ్మ పడలేదు.

మన ఊరి హాల్లో అయితే ఈలలు మొదలయ్యేవి. ఇప్పుడు రీళ్లు లేవు. సినిమా హార్డ్ డిస్కులో తాళం వేసిన ఫైలుగా వస్తుంది, దాన్ని తెరిచే డిజిటల్ తాళంచెవి విడిగా వస్తుంది. ఆ చెవి ఏ హాలులోని యంత్రం కోసం తయారైందో అందులోనే, పేర్కొన్న తేదీలు, గంటల్లోనే పనిచేస్తుంది. ఆఖరి నిమిషంలో తెర మార్చితే కొత్త చెవి కావాలి. ఉత్సవాల్లో ఆటలు ఆలస్యం కావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. కంప్యూటర్ చదివే పిల్ల కాబట్టి, బొమ్మ పడేదాకా దీని గురించే ప్రశ్నలు వేసింది.

బొమ్మ పడ్డాక కథానాయకుడెవరో తెలియడానికే అరగంట పట్టింది. గొర్రెలు కాసే ముసలావిడ పొయ్యి రాజేస్తుంది, పాలు కాస్తుంది, అవి పొంగేదాకా కెమెరా కదలదు. వెనక సంగీతం లేదు. మా అమ్మాయి రెండుసార్లు ఫోను తీసింది, పక్కావిడ చూసిన చూపుకు లోపల పెట్టేసింది. తర్వాత ఆ ముసలావిడ కొడుకు పట్నం నుంచి వచ్చి గొర్రెలు అమ్మేద్దామంటాడు. అప్పుడు చూశాను, మా అమ్మాయి సీటు అంచుకు జరిగి కూర్చుంది. వాళ్ల తాతగారి ఎనుములను అమ్మిన రోజు ఇంట్లో ఎంత గొడవ జరిగిందో నాకూ తెలుసు.

మొదటి రోజే అయిదు సినిమాలు చూసేయాలనుకునేవాళ్లు చాలామంది. నన్నడిగితే మూడు చాలు. నాలుగోది కళ్లముందు ఆడుతుంటే రెండోదాని మనుషులు అందులోకి వచ్చేస్తారు. ఆ మిగిలిన వేళలో దర్శకులతో జరిగే సంభాషణకు వెళ్లవచ్చు. ప్రశ్న పేరుతో పది నిమిషాలు ఉపన్యాసం దంచే పెద్దమనిషి ప్రతి సభలోనూ ఒకరుంటారు, ఓపిక పట్టండి. ఆయన తర్వాత లేచే కుర్రవాళ్లు అసలు విషయం అడుగుతారు. డబ్బు ఎక్కడిది? ఎన్ని రోజులు తీశారు? ఆ ముసలావిడ నటేనా?

మన దేశంలో ఇలాంటి ఉత్సవం మొదటిసారి జరిగింది 1952లో. బొంబాయిలో మొదలై మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకు కూడా వెళ్లింది. తెలుగు సినిమా అప్పుడు ఉన్నది మద్రాసులోనే. చెన్నైలోనూ 2003 నుంచి ఏటా ఒక అంతర్జాతీయ ఉత్సవం జరుగుతోంది, డిసెంబరులో వస్తుంది. ఆ ఊళ్లో చదువుకుంటున్న మన పిల్లలు సంగీత కచేరీల నెలలోనే దీనికీ వీలు చేసుకోవచ్చు.

సాయంత్రం మాల్ బయట నిలబడి, ఆ పెద్దాయన పట్టికకు ఫోనులో ఫొటో తీసుకుంది మా అమ్మాయి. బహుమతి సినిమా రెండో ఆట ఎప్పుడని ఆయన్నే అడిగింది. బుధవారం అన్నాడు. బుధవారం ప్రయోగశాల పరీక్ష ఉందట. ఎగ్గొట్టమని మాత్రం నేను చెప్పలేదు. అక్క ఈ ప్రసంగం వింటూ ఉంటుంది కాబట్టి ఆ సంగతి స్పష్టంగా చెబుతున్నాను.

ఉంటాను. నమస్కారం.