షీటు జారుతోందా, మెషీన్ తప్పుతోందా?

అందరికీ నమస్కారం. తక్కువ ధర వినైల్ కట్టర్ (స్టిక్కర్ షీటు నుంచి అక్షరాలు, బొమ్మలు కోసే మెషీన్) వాడేవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది: "చిన్న అక్షరాలు బాగానే వస్తున్నాయండీ, మీటరు దాటేసరికి పక్కకు పోతోంది." ఆ వెంటనే డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు, సాఫ్ట్‌వేర్ మారుస్తారు, చివరికి మోటారు పోయిందంటారు. దయచేసి అంత దూరం వెళ్లకండి. ముందు ఒక్క విషయం తేల్చుకోండి: జారుతున్నది షీటా, తప్పుతున్నది మెషీనా?

ఈ మెషీన్‌లో బ్లేడ్ అడ్డంగా మాత్రమే నడుస్తుంది. నిలువు గీత పడాలంటే వినైలే ముందుకీ వెనక్కీ నడవాలి. దాన్ని నడిపించేది కింద ఉన్న గరుకు రోలర్, పైనుంచి నొక్కే రబ్బరు పించ్ రోలర్లు, అంతే. రోలర్‌ను తిప్పే స్టెప్పర్ మోటారు చెప్పినన్ని స్టెప్పులు తిరుగుతుంది కానీ షీటు నిజంగా అంత దూరం వచ్చిందా అని చూసే ఏర్పాటు ఈ తరహా మెషీన్లలో సాధారణంగా ఉండదు. కాబట్టి ఒకచోట అర మిల్లీమీటరు జారితే ఆ తప్పు అక్కడితో పోదు, తర్వాతి గీతలన్నీ దాన్ని మోస్తూనే ఉంటాయి.

తేల్చుకోవడానికి బ్లేడ్ తీసి పెన్ను పెట్టండి. 300 మిల్లీమీటర్ల చదరం గీయించి, షీటు కదపకుండా మొదలుపెట్టిన చోటి నుంచే మళ్లీ గీయించండి. రెండో గీత మొదటి గీత మీదే పడితే పట్టు బాగుంది. పక్కన పడితే ఎక్కడో జారుతోంది, లేదా బెల్ట్ వదులైంది. గీతలు కలిసినా కొలత ప్రతిసారీ ఒకేలా తప్పుతుంటే అది కాలిబ్రేషన్, అంటే కొలత సరిదిద్దే సెట్టింగ్ సంగతి. కంప్యూటర్ కట్టర్‌కు ఆదేశాలిచ్చే భాష హెచ్‌పీజీఎల్‌లో అంగుళానికి 1016 యూనిట్లు, సాఫ్ట్‌వేర్‌లో 1000 అని ఉంటే 300 రావాల్సింది 295 దగ్గరే ఆగిపోతుంది. కర్ణాలు కూడా కొలవండి, రెండూ 424 పైచిలుకు రావాలి. ఒకటి పొడవు, ఒకటి పొట్టి అయితే, జారుడు లేదని ముందే తేలింది కనుక, క్యారేజ్ (బ్లేడ్‌ను మోసే భాగం) నడిచే రైలు రోలర్‌కు సమాంతరంగా లేదేమో చూడాలి. షీటును కాస్త వంకరగా పెట్టినా చదరం చదరంగానే వస్తుంది, అంచుకు ఏటవాలుగా పడుతుందంతే, అందుకే ఈ రెంటినీ కలిపి చూడకూడదు.

ఇక అసలు సంగతి, షీటు ఎక్కించడం. నా దృష్టిలో సగానికి పైగా సమస్యలు ఇక్కడే తీరిపోతాయి. పించ్ రోలర్లు గరుకు ఉన్న చోటే పడాలి, వాటి స్థానానికి చాలా మెషీన్ల మీద గుర్తులుంటాయి. రెండు వైపులా అంచు నుంచి ఒకే దూరంలో, ఒకే నొక్కుడుతో ఉండాలి, ఎందుకంటే ఒక వైపు గట్టిగా, రెండో వైపు వదులుగా ఉంటే షీటు మెల్లగా తిరుగుతుంది. కత్తెరతో కోసిన అంచును నమ్మకండి, ఫ్యాక్టరీ అంచునే గుర్తుకు కలపండి. తర్వాత కట్ చేయబోయే పొడవంతా, ఇంకాస్త ఎక్కువే, కటింగ్ లేకుండా ముందుకు నడిపి వెనక్కి తెచ్చి అంచును చూడండి. గుర్తు నుంచి జరిగిందా, పించ్ రోలర్లను పైకి లేపే లీవర్ ఎత్తి సర్ది మళ్లీ నడపండి. విసుగొచ్చే పనే, కానీ ఒక పొడుగాటి బోర్డు వినైల్ వృథా అయ్యాక వచ్చే బాధ కంటే ఇది చాలా నయం. రోల్‌ను మాత్రం మెషీన్‌తో లాగించకండి, ముందే విప్పి వెనక వదులుగా వేలాడనివ్వండి.

గరుకు రోలర్‌లో జిగురు, ముక్కలు ఇరుక్కుంటే పొడి టూత్‌బ్రష్‌తో తీసేయండి. పని లేనప్పుడు లీవర్లు పైకెత్తి ఉంచండి, లేకపోతే రబ్బరు ఒకవైపు చదునవుతుంది.

షీటు జారడానికి బ్లేడ్ కూడా కారణమే. ఎక్కువ బయటికి వచ్చిన బ్లేడ్ వినైల్‌ను కోయడంతో ఆగదు, వినైల్ కింద అంటుకుని ఉండే బ్యాకింగ్ పేపర్‌ను పట్టి లాగుతుంది. పేపర్ మీద సన్నని గీత కనిపించాలి, తెగకూడదు. ఫోర్స్ (బ్లేడ్ నొక్కే బలం) తగ్గించి, వేగం తగ్గించి, మళ్లీ చూడండి. మూలలు గుండ్రంగా వస్తే సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన ఆఫ్‌సెట్ (బ్లేడ్ మొన దాని ఇరుసు నుంచి ఎంత పక్కకు ఉందో చెప్పే అంకె) తక్కువైంది, మూల దగ్గర చిన్న చెవులు వస్తే ఎక్కువైంది. సాధారణ బ్లేడ్‌లకు 0.25 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టవచ్చు. సున్నా చుట్టి మొదలుకు కలవకపోతే బ్లేడ్ హోల్డర్ ఊగుతోందేమో వేలితో కదిపి చూడండి, చాలామంది ఇది చూడనే చూడరు.

పొడుగు పనుల్లో ఒక అక్షరం పూర్తయ్యాకే రెండోదానికి వెళ్లేలా కటింగ్ క్రమం పెట్టండి. ఈ చివరి నుంచి ఆ చివరికి షీటు ఎన్నిసార్లు పరుగెత్తితే అన్నిసార్లు జారే అవకాశం.

ప్రింట్ చేసిన స్టిక్కర్ చుట్టూ కాంటూర్ కట్ చేసేవాళ్లకు ఒక మాట. లేజర్ చుక్కతో రిజిస్ట్రేషన్ మార్కులు (ప్రింట్ ఎక్కడుందో కట్టర్‌కు తెలియడానికి దానితోపాటే వేసే గుర్తులు) పట్టే మెషీన్ అయితే, లేజర్‌కూ బ్లేడ్‌కూ మధ్య ఉన్న దూరం సరిగ్గా సెట్ అయి ఉండాలి. అది సరిగ్గా ఉన్నా కట్ అన్ని స్టిక్కర్ల మీదా ఒకే వైపు కాకుండా మధ్య నుంచి అంచుకు పోయేకొద్దీ ఎక్కువగా తప్పుతుంటే, కట్టర్‌ను వదిలి ప్రింటర్ వైపు చూడండి. పేజీకి సరిపడేలా కుదించే ఆప్షన్ ఆన్‌లో ఉండి ఉండవచ్చు. మార్కుల మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి ఫైల్‌లోని కొలతతో పోల్చండి, రెండూ కలవకపోతే 100 శాతం సైజులో ప్రింట్ మళ్లీ తీయాల్సిందే.