ఆ అక్షరం చివర ఒక తకారం ఉండేది

సభకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలు కదా, తెలుగు నిఘంటువుల మీద మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ ముందు ఒక చైనా అక్షరం సంగతి చెప్పనివ్వండి. ఏళ్లుగా గొంతులో ఉండిపోయింది.

ఇలాంటి సభలోనే ఒక పెద్దాయన, "మన బుద్ధుణ్ణి చైనావాళ్లు 'ఫో' అని పాడుచేశారు" అన్నారు. అందరూ నవ్వారు. నేను నోరు మెదపలేదు. అప్పుడే లేచి చెప్పాల్సింది.

షూ షెన్ అనే పండితుడు క్రీ.శ. 100లో ముగించిన 'షువోవెన్ జియేజీ' అనే చైనా నిఘంటువులో 9,353 అక్షరాలున్నాయి. ఈ 'ఫో' అక్షరమూ ఉంది. కానీ అక్కడ బుద్ధుడు లేడు! 'చూసినా కంటికి సరిగా ఆనకపోవడం' అని అర్థం. ఎడమవైపు మనిషి గుర్తు, కుడివైపు భాగం పలకడానికి. మసక చూపుకున్న మాట అది. తర్వాత శబ్దం కలిసిందని అదే అక్షరాన్ని బుద్ధుడికి వాడుకున్నారు.

ఎలా కలిసిందంటారా? 1008 నాటి 'గువాంగ్‌యున్' అనే ఉచ్చారణ నిఘంటువు చూడాలి. వాళ్లకు మనలా అచ్చులూ హల్లులూ విడిగా రాసే లిపి లేదు. అందుకని రెండు తెలిసిన అక్షరాలిచ్చి, మొదటిదాని తల, రెండోదాని తోక కలుపుకోమంటారు. 'కల', 'మడి' ఇస్తే 'కడి' అన్నమాట. ఎంత తెలివో చూడండి! ఈ అక్షరానికి ఇచ్చిన జంటను, ఆ నిఘంటువు దాచి ఉంచిన ఇంకా పాత పలుకులో చదివితే ఇంచుమించు 'బ్యు', 'ప్యుత్'. కలపండి. వెనక కూర్చున్న పిల్లలూ, మీరే చెప్పండి.

బ్యుత్! విన్నారా? బకారం ఉంది, చివర తకారం ఉంది. వాళ్లు మన మాటను పాడుచేయలేదు, చెవిపెట్టి విన్నారు. తర్వాతి శతాబ్దాల్లో ఉత్తరాది పలుకులో బకారం ఫకారమైంది, చివరి తకారం జారిపోయింది. కాంటనీస్ వాళ్లు ఇప్పటికీ 'ఫత్' అంటారు. జపాన్‌లో 'బుత్సు'. అక్కడ ఆ తకారం ఇంకా బతికే ఉంది.

7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ మన ధాన్యకటకం, అంటే ఇప్పటి అమరావతి ప్రాంతానికి వచ్చాడు. ఆయన తన భాషలో బుద్ధుడి పేరు తలుచుకుంటే అది ఇప్పటి 'ఫో' కాదు, ఈ 'బ్యుత్'కు దగ్గరగానే ఉండాలి. అమరావతి స్తూపం చూడ్డానికి వెళ్లినప్పుడల్లా నాకదే గుర్తొస్తుంది.

బెల్లు కొట్టారు. తెలుగు నిఘంటువుల కాగితాలు తీయనేలేదు, నిర్వాహకులు మన్నించాలి. పిల్లలూ, కూర్చునే ముందు ఇంకొక్కసారి ఆ మాట అనండి, వింటాను.