ప్రకాశం ఎలా ఓటేసింది? బూత్ లెక్కతో చర్చ

యాంకర్: నమస్కారం. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకు 2024 మే 13న పోలింగ్ జరిగింది, జూన్ 4న ఓట్లు లెక్కించారు. ప్రకాశం జిల్లాలో ఎనిమిది అసెంబ్లీ సీట్లుంటే ఆరు టీడీపీకి పోయాయి, దర్శి, యర్రగొండపాలెం వైసీపీకి దక్కాయి. రాష్ట్రం మొత్తంలో వైసీపీ గెలిచినవే పదకొండు, అందులో రెండు ఈ జిల్లావే. ఈ ఫలితాన్ని ఎలా చదవాలో మాట్లాడటానికి మన స్టూడియోలో ఒక సీనియర్ పాత్రికేయులు, ఒక మాజీ రిటర్నింగ్ అధికారి, ఒక గణాంక అధ్యాపకురాలు ఉన్నారు. సార్, మీతో మొదలుపెడదాం. 2019కీ 2024కీ జిల్లా ఎంత మారింది?

పాత్రికేయుడు: ముందు ఏ ప్రకాశం గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలండీ. 2019లో జిల్లాకు పన్నెండు సీట్లు. వైసీపీకి ఎనిమిది, టీడీపీకి నాలుగు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి పర్చూరు, అద్దంకి, చీరాల బాపట్లకు, కందుకూరు నెల్లూరుకు వెళ్లాయి. కాబట్టి "వైసీపీ ఎనిమిది నుంచి రెండుకు పడింది" అని రాస్తే తప్పు. 2024లో జిల్లాలో ఉన్న ఎనిమిది సీట్లనే పట్టుకుంటే 2019లో వైసీపీకి ఏడు, కొండపి ఒక్కటే టీడీపీకి. ఏడు నుంచి రెండుకు, అదీ సరైన పోలిక. ఇంకో మెలిక కూడా ఉంది. సంతనూతలపాడు జిల్లాలోనే ఉన్నా, ఎంపీ ఓటు బాపట్లకు వేస్తుంది. ఒంగోలు ఎంపీ ఓట్లను జిల్లా ఓట్లుగా లెక్కేస్తే ఒక నియోజకవర్గం మొత్తం జారిపోతుంది.

యాంకర్: పోలింగ్ శాతం బాగా ఎక్కువ. 87.09తో రాష్ట్రంలో ప్రకాశమే మొదటి జిల్లా. ప్రభుత్వంపై వ్యతిరేకత వల్లే జనం అంతగా వచ్చారని చాలామంది అన్నారు.

గణాంక అధ్యాపకురాలు: ఆ మాటకు దర్శి అడ్డొస్తుంది. 90.91 శాతంతో రాష్ట్రంలోనే అత్యధిక పోలింగ్ దర్శిలోనే. అక్కడ గెలిచింది అప్పటి అధికార పక్షమే, ఆధిక్యం 2,456. పోలింగ్ పెరిగింది కాబట్టి ఫలానా పార్టీకి లాభమని ఊరికే చెప్పేయకూడదు. శాతం ఎక్కువ కనబడటానికి జాబితా కూడా కారణం కావచ్చు. చనిపోయినవాళ్ల పేర్లు, వలస వెళ్లినవాళ్ల పేర్లు తీసేసిన చోట హారం, అంటే జాబితాలోని మొత్తం ఓటర్ల సంఖ్య, తగ్గుతుంది, వచ్చిన మనుషులు అంతే అయినా శాతం పెరుగుతుంది. అందుకే నేను శాతం కంటే ముందు పోలైన ఓట్ల సంఖ్య చూస్తాను.

యాంకర్: గిద్దలూరు సంగతి చెప్పండి. 973 ఓట్ల తేడా.

పాత్రికేయుడు: జిల్లాలో చూసి తీరాల్సిన సీటు అదే. 2019లో అక్కడ వైసీపీ అభ్యర్థి అన్నా రాంబాబు 81,035 ఆధిక్యంతో గెలిచారు. రాష్ట్రంలో పులివెందుల తర్వాత అదే పెద్ద మెజారిటీ. ఓడిన టీడీపీ అభ్యర్థి ముత్తుముల అశోక్ రెడ్డి. అదే అశోక్ రెడ్డి 2024లో 973తో గెలిచారు. మధ్యలో వైసీపీ ఇద్దరు సిట్టింగులను అటూ ఇటూ మార్చింది. రాంబాబును మార్కాపురానికి పంపి, మార్కాపురం ఎమ్మెల్యే కుందూరు నాగార్జున రెడ్డిని గిద్దలూరులో దింపింది. రెండు చోట్లా ఓటమే.

గణాంక అధ్యాపకురాలు: ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, చాలామంది తడబడేది ఇక్కడే. 81,035కు 973 కలిపితే 82,008. అంటే 82 వేల మంది పార్టీ మారారని కాదు. ఒక మనిషి అటు నుంచి ఇటు వస్తే అక్కడ ఒకటి తగ్గి ఇక్కడ ఒకటి పెరుగుతుంది, తేడా రెండు. అందరూ అలా మారినవాళ్లే అనుకున్నా 41,004 మంది చాలు. నిజంలో అంత కూడా అక్కర్లేదు. కొత్త ఓటర్లు చేరారు, కొందరు ఇంట్లో కూర్చున్నారు, 2019లో విడిగా పోటీ చేసిన జనసేన, బీజేపీ ఈసారి టీడీపీతో కలిశాయి. అలాగే 973 తేడా తిరగబడాలంటే 487 మంది మారితే సరిపోయేది. దర్శిలో 1,229 మంది. అప్పట్లో ఒక పెద్ద బూత్‌లోనే అంతమంది ఓటర్లుండేవారు.

యాంకర్: ఆ బూత్ లెక్క ఎక్కడ దొరుకుతుంది?

మాజీ రిటర్నింగ్ అధికారి: ఫారం 20లో, అంటే తుది ఫలితాల పత్రంలో. ఒక్కో వరుస ఒక్కో పోలింగ్ కేంద్రం. వరుసగా అభ్యర్థుల ఓట్లు, చెల్లిన ఓట్ల మొత్తం, తిరస్కరించినవి, నోటా, మొత్తం, చివర టెండర్ ఓట్లు, అంటే తన పేరు మీద అప్పటికే ఎవరో ఓటేసి వెళ్లిపోతే అసలు ఓటరు వేసే ఓట్లు, ఉంటాయి. చాలాసార్లు అది స్కాన్ చేసిన కాగితమే. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు 3 కాస్తా 8 అవుతుంది, ఒక కాలమ్ పక్కకు జరుగుతుంది. అందుకని ప్రతి వరుసనూ కూడి చూడాలి. అభ్యర్థుల ఓట్ల మొత్తం చెల్లిన ఓట్ల కాలమ్‌తో సరిపోవాలి. ఆ తర్వాత పేజీ చివరి మొత్తంతో చూసుకోవాలి. ఈ రెండూ కుదరకుండా ముందుకు వెళ్లొద్దు.

నోటా దగ్గరా జాగ్రత్త. చట్టం ప్రకారం అది చెల్లిన ఓటు కింద లెక్కకు రాదు. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి, ఆ మొత్తంలో నోటా ఉండదు. ఒకరు నోటా కలిపి, ఇంకొకరు కలపకుండా ఓటు శాతం తీస్తే ఒకే సీటుకు రెండు శాతాలు వస్తాయి.

యాంకర్: పాత బూత్‌ను కొత్త బూత్‌తో పోల్చవచ్చా?

మాజీ రిటర్నింగ్ అధికారి: నంబర్ చూసి పోల్చకండి. ఎన్నికల ముందు బూత్‌ల హేతుబద్ధీకరణ జరుగుతుంది. 2024లో ఒక కేంద్రానికి 1,500 మంది ఓటర్లు దాటితే విడగొట్టేవారు, లేదా అనుబంధ కేంద్రం పెట్టేవారు. 122 పక్కన 122ఏ వస్తుంది. మధ్యలో ఒకటి చేరితే ఆ తర్వాతి నంబర్లన్నీ జరుగుతాయి. దొనకొండ మండలంలో ఒక ఊరి ఓటు వెతుకుతూ వేరే ఊరిది చదివేస్తారు. ఓటర్ల జాబితా మొదటి పేజీలో ఆ భాగంలోకి వచ్చే వీధులు, గ్రామం రాసి ఉంటాయి. 2019 జాబితా మొదటి పేజీ, 2024ది పక్కపక్కన పెట్టుకుని ఊరితో ఊరిని కలపాలి. ఒకే ఊళ్లో రెండు మూడు బూత్‌లుంటే వాటన్నిటినీ కలిపి ఊరి మొత్తం తీయడమే మంచిది.

యాంకర్: పోస్టల్ ఓట్లు?

మాజీ రిటర్నింగ్ అధికారి: అవి ఏ బూత్ వరుసలోనూ ఉండవు. చివర ఒకే మొత్తంగా కలుస్తాయి. ఉద్యోగులవీ, సైనికులవీ, ఇంటి నుంచి ఓటేసిన 85 ఏళ్లు దాటినవాళ్లవీ, 40 శాతం పైబడి వైకల్యం ఉన్నవాళ్లవీ అన్నీ అందులోనే. కాబట్టి ఊళ్లో పెద్దవాళ్ల ఓటు కొంత ఆ ఊరి వరుసలో కనబడదు. ఒక పోస్టల్ ఓటు కవర్ విప్పితే లోపల రెండుండాలి. ఒకటి 13ఏ ధ్రువీకరణ పత్రం, అంటే ఓటరు సంతకం చేసిచ్చే ప్రకటన, రెండోది బ్యాలెట్ ఉన్న చిన్న కవర్. పత్రం లేకపోయినా, దాని మీద ధ్రువీకరించే అధికారి సంతకం లేకపోయినా చిన్న కవర్‌ను తెరవకుండానే పక్కన పెడతారు. ఆధిక్యం అలా తిరస్కరించిన వాటి కంటే తక్కువగా ఉంటే, ఫలితం ప్రకటించే ముందు ఆ తిరస్కరించిన వాటన్నిటినీ మళ్లీ పరిశీలించాలి. 973 లాంటి తేడాల్లో ఈ నిబంధన ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

యాంకర్: అసెంబ్లీకి ఒకరికి, పార్లమెంటుకు ఇంకొకరికి వేయడం కనబడిందా మేడమ్?

గణాంక అధ్యాపకురాలు: ఒంగోలు ఎంపీగా టీడీపీ నుంచి మాగుంట శ్రీనివాసులు రెడ్డి 50,199తో గెలిచారు. ఆయన 2019లో వైసీపీ ఎంపీ. ఆ ఎంపీ సీటు కిందికొచ్చే ఏడు అసెంబ్లీల్లో టీడీపీ అభ్యర్థుల నికర ఆధిక్యం అంతకంటే ఎక్కువే. అంటే క్రాస్ ఓటింగ్ జరిగింది. ఎంపీ ఫారం 20 కూడా అసెంబ్లీ సెగ్మెంట్ల వారీగా బూత్ బూత్‌కూ ఉంటుంది కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టవచ్చు. అయితే ఒక బూత్‌లో ఎంపీకి 30 ఓట్లు తక్కువొస్తే, 30 మందే అటు వేశారని చెప్పలేం. 70 మంది ఇటు నుంచి అటు, 40 మంది అటు నుంచి ఇటు వేసినా కనబడేది అదే 30. కనీసం 30 మంది వేరుగా వేశారని మాత్రమే ఖాయంగా అనగలం. ఒక కులం వాళ్లు ఎక్కువున్న బూత్‌లో ఒక పార్టీకి ఎక్కువొచ్చిందని ఆ కులమంతా అటే వేసిందనడం కూడా ఇదే పొరపాటు. మహిళల సంగతీ అంతే. బూత్‌కు ఎంతమంది మహిళలు వచ్చారో రికార్డు చెబుతుంది, ఎవరికి వేశారో చెప్పదు. చెప్పకూడదు కూడా.

యాంకర్: లెక్కింపు రోజు మొదటి రౌండ్లు చూసి గెలుపు చెప్పేస్తుంటారు కదా.

పాత్రికేయుడు: మామూలుగా హాల్లో పద్నాలుగు టేబుళ్లు. ఒక రౌండ్ అంటే వరుసగా పద్నాలుగు బూత్‌లు. అవి పక్కపక్క ఊళ్లవే, తరచూ ఒకే మండలానివి. గిద్దలూరులో కంభం బూత్‌లు ఒక రౌండ్లో, కొమరోలు బూత్‌లు ఇంకో రౌండ్లో వస్తే ఆధిక్యం ఊగుతుంది. ఆ రౌండ్లో ఏ మండలం లెక్కిస్తున్నారో తెలియకుండా ట్రెండ్ అనడం ప్రేక్షకుడికి అన్యాయం.

యాంకర్: చివరి ప్రశ్న. ఫారం 20 అంకె సరైనదేనా అని సామాన్యుడు ఎలా సరిచూసుకోవాలి?

మాజీ రిటర్నింగ్ అధికారి: ఫారం 17సీతో. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి దాని నకలు ఏజెంట్లకిచ్చి రసీదు తీసుకోవాలి. యంత్రంలో నమోదైన ఓట్ల మొత్తం అందులో ఉంటుంది. లెక్కింపులో కంట్రోల్ యూనిట్, అంటే ఓటింగ్ యంత్రంలో ఓట్లు నిల్వయ్యే భాగం, చూపే మొత్తం దానితో కలవాలి. తేడా రావడానికి ఒక కారణం చెబుతాను. పొద్దున అసలు పోలింగ్‌కు ముందు జరిపే నమూనా పోలింగ్ (మాక్ పోల్)లో కనీసం 50 ఓట్లు వేసి చూస్తారు. ఆ తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్ అని మూడు బటన్లు ఇదే వరుసలో నొక్కాలి. క్లియర్ మర్చిపోతే ఆ 50 అసలు ఓట్లతో కలిసిపోతాయి. అలాంటి యంత్రాన్ని లెక్కింపులో పక్కన పెడతారు. 2024లో గెలుపు తేడా అలాంటి బూత్‌లలో పోలైన ఓట్ల కంటే ఎక్కువైతే దాన్ని వదిలేసేవారు, తక్కువైనా సమానమైనా వీవీప్యాట్ చీటీలు, అంటే ఓటు ఎవరికి పడిందో చూపే ముద్రిత చీటీలు, లెక్కించేవారు. కాబట్టి ఫారం 20లో ఒక బూత్ వరుస ఖాళీగా కనబడితే కంగారుపడొద్దు. ముందు ఆ బూత్ 17సీ తెచ్చుకుని చూడండి.